నీటి తల్లి, గట్టు తల్లి

హైదరాబాదు పాతబస్తీ అంచున మీర్ ఆలం చెరువు కలదు. 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో 21 కమానులతో నిర్మింపబడిన దాని కట్ట నేటికిని నిలిచియున్నది. ఆ చెరువు చెంతనే 1963 అక్టోబరు 6వ తేదీన నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరువబడినది. అచ్చటి నీటిగుఱ్ఱమును చూచి ముచ్చటపడని బాలలుండరు. ఆ జంతువు కాన్పునకు సాధారణముగా ఒక్క పిల్లనే ఈనును. 30, 40 కిలోల బరువుతో పుట్టిన ఆ పిల్ల వెంటనే తల్లితోపాటు నీట మెలగును. ఏనుగువలె దేహము పెద్దది గనుక ఒక్క పిల్లయే యని సరిపెట్టుకొనవచ్చును. కాని నీటి ప్రభావమును గూడ విచారింపవలసియున్నది.

చెంబులోని వేన్నీళ్లు త్వరగా చల్లారును. గంగాళములోనివి చాలసేపు వేడిగా నుండును. జీవుల దేహములకును ఇదే న్యాయము. పైగా నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా వేడిని లాగివేయును. కనుక నీట పుట్టు చిన్న పిల్లకు బ్రదుకు కష్టము.

ఒకే వంశమునకు చెందిన రెండు జంతువులను పోల్చి చూతము. మన కృష్ణా, గోదావరీ తీరముల నీటికుక్క గట్టున బొఱియలో రెండు మొదలు ఐదు పిల్లలను ఈనును. అవి కన్ను తెరువని పసికూనలు. ఉత్తర పసిఫిక్ సముద్రపు నీటికుక్క నీటిలోనే ఈనును. దానికి సాధారణముగా ఒక్కటే పిల్ల. అది సుమారు రెండు కిలోల బరువుతో, తెరచిన కన్నులతో, నీట తేలు దట్టమైన బొచ్చుతో పుట్టును. గట్టున దాచుకొను వీలున్న తల్లికి చిన్నపిల్లలు పలువురు. వీలులేని తల్లికి పెద్దపిల్ల ఒక్కటి!

ఈ మార్పు ఎప్పుడు మొదలైనది? జమ్మూ కాశ్మీరములోని కాలాకోట ప్రాంతపు శిలాజమొకదానికి భూగర్భశాస్త్రజ్ఞుడు ఎ. రంగారావు 1971లో ‘ఇండోహయస్’ అని పేరిడినారు. సుమారు 4 కోట్ల 80 లక్షల యేండ్ల నాటి ఆ చిన్న జంతువు తిమింగలములకు దగ్గరి చుట్టమని 2007లో థీవిసన్ బృందము తేల్చినది. బలూచిస్థానములో దొరకిన మరియొక ప్రాచీన తిమింగలమును 2009లో గింజరిచ్ బృందము వర్ణించినది. దాని యెముకల నడుమ ఒకే పిండము, దంతములతో సహా కానవచ్చినదనియు, తల ముందుగా నుండుటచే ఆ తల్లి గట్టుననే ఈనెడిదనియు వారు భావించినారు. ఆ యెముకలు పిండమువి కావని సందేహించిన పండితులును కలరు. నేటి తిమింగలములు నీటిలోనే ఈనును. సాధారణముగా తోక ముందు వచ్చును.

ఇట్టి పెద్దబిడ్డను కనుటకు తల్లి చెల్లించు వెల స్వల్పము గాదు. నీలి తిమింగలపు పిల్ల పుట్టునప్పుడే ఏడు మీటర్ల పొడవు, రెండు టన్నులకు మించిన బరువు. రెండు మూడేండ్లకు ఒక్కటే కాన్పు. 20వ శతాబ్దిలో వేటగాండ్రు మూడు లక్షలకు పైగా నీలి తిమింగలములను చంపిరి. 1966లో వాటి వేట నిషేధింపబడినను, ఆ నష్టము నేటికిని పూడలేదు.

కావున సముద్రమున తల్లిని కాపాడుకొనవలెను. మన యేటి నీటికుక్కకు తల్లితోబాటు గట్టునుగూడ కాపాడవలెను. గట్టు త్రవ్వి ఇసుక తోడుకొనుచున్న మనము, ఆ బొఱియలలో కన్ను తెరువని కూనలుండునని మరువరాదు.