ఆవిరి కాని ద్రవలవణములు: లిథియం బ్యాటరీ చరిత్రలో ఒక అధ్యాయము

2022వ సంవత్సరము మార్చి, ఏప్రిల్ నెలలలో వేలూరు, నిజామాబాదు, విజయవాడ పట్టణములందు విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు ఇండ్లలో ఛార్జి అగుచుండగా మంటలు రేగి ప్రాణనష్టము జరిగినది. ప్రతి ప్రమాదమునకును కారణము వేరు కావచ్చును. కాని లిథియం అయాన్ బ్యాటరీయందు మంట పుట్టినచో దానికి ఆహుతియగు వస్తువులలో ఒకటి దాని లోపలి ద్రవమే. ఆ ద్రవమునకు బదులు సులభముగా అంటుకొనని ద్రవమును వెదకిన కృషికి నూరేండ్లకు మించిన పూర్వచరిత్ర కలదు.

బ్యాటరీ రెండు ధ్రువముల నడుమ లిథియం అయానులను మోయు ద్రవమును విద్యుద్విశ్లేష్యమందురు. 1991లో జపానునందలి సోనీ సంస్థ ఈ జాతి బ్యాటరీని మొదట విపణికి తెచ్చినది మొదలు నేటివరకు, లిథియం లవణమును కార్బొనేటు ద్రావణులలో కరగించుటయే వాడుక. అట్టి ద్రావణులలో ఒకటియగు డైమిథైల్ కార్బొనేటు సుమారు 18 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే, నిప్పురవ్వ సోకినచో అంటుకొనదగినంత ఆవిరిని వెలువరించును.

ద్రావణి అవసరము లేక తానే ద్రవమై యుండు లవణము వీనికి భిన్నమైనది. వంటింటి ఉప్పు 801 డిగ్రీల వద్ద గాని కరుగదు. దాని అయానులు చిన్నవి, గుండ్రనివి. సమానమైన ఇటుకలవలె బిగువుగా పేర్చుకొనును. అయానులు పెద్దవై, వంకర ఆకారము కలవైనచో అట్లు పేర్చుకొనజాలవు. కావున స్వల్పమైన వేడిమికే లవణము కరగును. అయినను ధన, ఋణ అయానులు ఒకదానినొకటి పట్టియుంచుటచే అది సులభముగా ఆవిరి కాదు.

1914లో పాల్ వాల్డెన్ అను రసాయన శాస్త్రవేత్త సుమారు 12 డిగ్రీలకే కరగు ఇథైల్ అమ్మోనియం నైట్రేటును వర్ణించెను. అణువుల పరిమాణమునకును విద్యుద్వాహకతకును గల సంబంధమును తెలిసికొనుటయే ఆయన ఉద్దేశము. దానిని వినియోగింపవలసిన అవసరము నాటికి లేకుండుటచే ఆ విషయము చిరకాలము మరుగుపడియుండెను.

1951లో అమెరికాయందలి హర్లే, వియర్ అనువారు లోహములకు అల్యూమినియం పూత పూయుటకై గది వేడిమికే ద్రవమైయుండు లవణమిశ్రమమును తయారుచేసిరి. 1963లో అమెరికా వైమానిక దళ అకాడమీయందు లోవెల్ కింగ్ ఆధ్వర్యమున వేరొక అన్వేషణ మొదలయ్యెను. సైనిక బ్యాటరీలలో నాడు వాడిన లిథియం, పొటాసియం క్లోరైడుల మిశ్రమము 355 డిగ్రీలకు గాని కరుగదు. అంత వేడిమి చుట్టుపట్ల పరికరములకు చేటు. ఆ అన్వేషణ ఫలముగా 1982లో జాన్ విల్క్స్ బృందము ఇమిడజోలియం లవణములను ప్రకటించినది. కాని అందలి అల్యూమినియం క్లోరైడు గాలిలోని తేమ తగిలినంతనే చెడిపోవును. 1992లో విల్క్స్, జవొరొట్కో అనువారు తేమకు ఓర్చునట్టి వానిని రూపొందించి ఆ చిక్కును తొలగించిరి.

అటుపిమ్మట లిథియమే పరీక్ష పెట్టినది. లిథియం పేరుకొనుటకు ముందే ఇమిడజోలియం అయాను ఋణధ్రువము వద్ద విచ్ఛిన్నమగుచుండెను. 1999లో ఆస్ట్రేలియాయందు మాక్‌ఫార్లేన్ బృందము మరింత దృఢమైన పిరోలిడినియం లవణములను వెలువరించినది. 2003లో జపానునందు సకయెబే, మత్సుమొతో అనువారు పిపరిడినియం లవణముతో లిథియం బ్యాటరీని నడిపి చూపిరి. అయినను బ్యాటరీలలో సామాన్యముగా వాడు గ్రాఫైటు ధ్రువముతో ఇట్టి ద్రవములు సరిగా పొసగలేదు. 2006లో ఇషికావా బృందము బిస్ ఫ్లోరోసల్ఫొనిల్ ఇమైడు అను ఋణ అయానుతో ఆ కొరతను తీర్చినది.

ఇన్ని అడ్డంకులు తొలగినను కార్బొనేటు ద్రావణులు తమ స్థానమును కోల్పోలేదు. కారణములు రెండు. ఈ లవణద్రవములు కార్బొనేటులకంటె పదులరెట్లు చిక్కనివి. లిథియం అయాను చుట్టును ఋణ అయానులు గుమిగూడుటచే అది మెల్లగా కదలును. అందుచే, విశేషించి చలిలో, బ్యాటరీ శక్తిని త్వరగా ఈయజాలదు, త్వరగా గ్రహింపజాలదు. రెండవది, వెల అధికము. ఇంతేగాక, వీనిలో కొన్ని శూన్యమున మిక్కిలి వేడిచేసినచో ఆవిరియగునని 2006లో తేలినది. మిక్కుటమైన వేడికి విడిపోయి మండునవియు కలవు. కావున ఇవి బొత్తిగా అగ్నికి లొంగనివనుట అతిశయోక్తి.

ఈ చరిత్రలో ప్రతి యడుగును వేరొక ప్రయోజనమునకై వేయబడినదే: వాల్డెన్‌కు వాహకత, హర్లేకు పూత, కింగ్‌కు సైనిక బ్యాటరీ. ఇంటి మూలలో ఛార్జికి పెట్టిన బ్యాటరీ వారిలో ఎవరి తలంపునకును రాలేదు. నేడు ఆ మూలయే ఈ విద్యకు గీటురాయి. చిక్కదనమును, వెలను తగ్గించుటకు ఇతర ద్రావణులతో కలిపియు, ఘన పదార్థములలో ఇమిడ్చియు ప్రయోగములు జరుగుచున్నవి. అవి ఫలించి సామాన్యుని ఇంటికి చేరిననాడే ఈ శతాబ్దకాలపు శ్రమ సార్థకమగును.