యుకతాను బాటలు: మాయాజనుల లిపికథ

మెక్సికో రాజ్యమునకుఁ దూర్పుకొనయందు సముద్రములోనికిఁ జొచ్చియున్న యుకతాను ద్వీపకల్పము సున్నపుఱాతినేల. దాని యుత్తరభాగమున నేలపైఁ బాఱు నది యొక్కటియు లేదు. కురిసిన వాన ఱాతిపగుళ్లలోనికి దిగి భూగర్భమునఁ బ్రవహించును. అక్కడక్కడఁ బైకప్పు కూలి యా జలము వెలుఁగు చూచిన చోట్లను స్పెయినువారు 'సెనోతే' లనిరి. మాయాభాషలోని 'చొనోత్' అను పదమున కది వికృతి. అందలి చకారము తెలుఁగున 'చుక్క' యందలి చకారమువలె దంత్యము.

నదులు లేనిచోట నూళ్లు నీటిగుంటలఁ బట్టి వెలయును. ఆ యూళ్లను గలుపుటకు మాయాజనులు ఱాళ్లు పేర్చి, సున్నపుమన్ను పఱచి, నేలకంటె నెత్తుగా బాటలు వేసిరి. వీనికి 'సక్బే' అని పేరు; తెల్లబాట యని యర్థము. కొబా నగరమునుండి యశునాకుఁ బోయిన సక్బే సుమారు 100 కిలోమీటర్లు కలదు. బరువులాగు పశువుగాని చక్రములబండిగాని లేని జను లింత బాట వేసి రనుట గమనింపఁదగినది. నేఁడు మోటారుబండిని బాడుగకుఁ దీసికొని తానే నడపుకొనుచు మెరిదానుండి తులూము వఱకుఁ బోవు యాత్రికుఁడు నాలుగైదు దినములలో శిథిలనగరములను, స్పెయినువారు కట్టిన పట్టణములను, సముద్రతీరమును జూచి మరలును. దారిలోఁ గనఁబడు కట్టడములు పెక్కులు. కనఁబడని దొకటి కలదు. అది యా జనుల గ్రంథజాలము. సాహిత్యపరిశోధకులకు ముఖ్యమైనది యదియే.

ఇచ్చట నొకమాట చెప్పవలసియున్నది. మయసభను నిర్మించిన మయునకును నీ మాయాజనులకును సంబంధముఁ గల్పించి వ్రాసినవారు భారతదేశమునఁ గొంద ఱుండిరి. నామసామ్యము దక్క దానికి వేఱాధారము లేదు. 'మాయ' యనునది మాయపాన్ అను నగరనామమునఁ గల పదము; సంస్కృతమునకును దానికిని బొత్తు లేదు. ఒక జాతి కట్టిన కట్టడములను మఱియొక జాతి కంటగట్టు నీ వాడుక యూరపుఖండమువారికిని గలదు. వారు వీనిని ఈజిప్టువారికిఁ గొన్నాళ్లు, ఇశ్రాయేలీయులకుఁ గొన్నాళ్లు ధారవోసిరి. 1841, 1843 సంవత్సరములఁ దమ యాత్రాగ్రంథములను బ్రకటించిన జాన్ లాయిడ్ స్టీఫెన్సు, చిత్రకారుఁడు ఫ్రెడరిక్ క్యాథర్‌వుడ్డు గూడి శిథిలములను బరీక్షించి, వీనిని గట్టినవా రచ్చటి జనుల పూర్వులే యని తేల్చిరి.

యాత్ర మెరిదాతో నారంభమగును. ఆ పట్టణమును 1542వ సంవత్సరము జనవరి 6వ తేదిని ఫ్రాన్సిస్కో దె మొంతేహో స్థాపించెను. తండ్రికిఁ గొడుకునకు నొకే పేరు, స్థాపించినవాఁడు కొడుకు. తిహో అను మాయానగరము శిథిలమై యున్నచోటనే యది వెలసినది. ప్రాఁత దేవాలయపీఠముల ఱాళ్లను బెల్లగించి క్రొత్త గోడలు కట్టిరి. 1598లోఁ బూర్తియైన ప్రధానదేవాలయము గోడలయందును నట్టి ఱాళ్లు గలవు. అంగడివీథి మైదానమునకు దక్షిణమున నున్న మొంతేహోగృహపు ముఖద్వారముపైఁ బరాజితుల తలలపైఁ గాళ్లు మోపి నిలిచిన యోధుల విగ్రహములు నేఁటికిని నున్నవి. ఇంత స్పష్టముగాఁ దన యభిప్రాయమును జెప్పుకొన్న కట్టడము లరుదు.

మెరిదాకు దక్షిణముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున ఉష్మాల్ కలదు. ఇచ్చట సెనోతేలు లేవు. కావున ఱాతిని దొలిచి, లోపల గచ్చు పూసి, వానకాలపు నీటిని నిలువచేసికొనిరి. మూతి యిఱుకు, కడుపు వెడల్పు. తెలుఁగుదేశపు ధాన్యపుఁబాతర యాకారమే. ఉష్మాల్ గోడల నిండ వానదేవరయైన చాకుని ముఖము, తొండమువంటి ముక్కుతో, నొకదానిపై నొకటిగాఁ జెక్కఁబడియుండుటకుఁ గారణ మా గుంతలను జూచినవారికిఁ దెలియును. అధిపతిసౌధ మనఁబడు కట్టడ మించుమించు 100 మీటర్ల నిడివి గలది. దాని పైభాగమంతయు వేల కొలఁది చెక్కుడుఱాళ్లను వేర్వేఱుగా మలచి కూర్చిన కూర్పు.

ఉష్మాలునకుఁ దూర్పుగా మని అను చిన్న యూరు కలదు. శిథిలములను జూడవచ్చినవారిలో ననేకు లిచ్చట నాగరు. కాని లిపికథ కిదియే ముఖ్యస్థానము. మనిని బాలించిన షియూవంశమువారు మొంతేహోకు లోఁబడి, క్రైస్తవమును స్వీకరించి, స్పెయినువారికి మిత్రులైరి. 1549లో యుకతానునకు వచ్చిన ఫ్రాన్సిస్కను సన్న్యాసి దియేగో దే లాందా క్రమముగాఁ దన మఠవ్యవస్థలో నధికారి యయ్యెను. 1562 మే నెలలో మనికి సమీపమున నొక గుహయందు విగ్రహములును బుఱ్ఱెలును గానవచ్చినవి. జ్ఞానస్నానము పొందినవారు రహస్యముగాఁ బ్రాఁత దేవతలఁ గొలుచుచున్నా రని లాందా విచారణ కారంభించెను. రాజానుమతియు లేదు, బిషప్పు ఇంకను రాలేదు. 4,500 మందికిఁ బైగాఁ జిత్రహింసల పాలైరనియు, నందు 158 మంది మరణించిరనియుఁ బిమ్మటి విచారణమునఁ దేలినది. ఆ సంవత్సరము జూలై 12వ తేదిని మఠము ముంగిట విగ్రహములను, వానితోఁ బాటు గ్రంథములను గుప్పవోసి కాల్చిరి. గ్రంథములు 27 అని యొక లెక్క వాడుకలో నున్నది. లాందా తాను వ్రాసిన చరిత్రమున సంఖ్య చెప్పలేదు. అనేకము దొరకె ననియు, వానిలో సైతానుయొక్క యబద్ధములు దక్క వేఱేమియు లేనందున నన్నిటినిఁ గాల్చితి మనియు, నందులకు జనులు మిక్కిలి శోకించి రనియు వ్రాసెను. ఆ శోకము తన కాశ్చర్యమును గలిగించినట్లు వ్రాయుట యతని గుణమును దెలుపును.

ఆ గ్రంథము లెట్టివి? చెట్టుబెరడును నలుగఁగొట్టి చేసిన కాగితముపై సన్నని సున్నపుఁబూత పూసి, యిరుప్రక్కల వ్రాసి, మడతలుగా మడిచెడివారు. మడతలయందుఁ దెలుఁగుదేశపుఁ గరణముల కడితములను బోలియుండును. ప్రపంచమున నేఁడు మిగిలినవి నాలుగు. మూఁడు డ్రెస్డెను, మాడ్రిడ్డు, పారిసు నగరములందును, నొకటి మెక్సికోనందును నున్నవి. నాలవదాని ప్రామాణ్యమునుగూర్చి చిరకాలము వివాదము జరిగి, 2018లో మెక్సికో పురావస్తుశాఖ యది నిజమైనదే యని నిర్ణయించినది. డ్రెస్డెను గ్రంథమున శుక్రగ్రహచారమును, గ్రహణములను దెలుపు పట్టికలు గలవు. దానినిబట్టియే మనిలోఁ గాలిన దేమియో కొంత యూహింపవచ్చును.

లాందా చేసినపనిని అదే యేట వచ్చిన బిషప్పు తొరాల్ నిరసించెను. లాందా స్పెయినునకుఁ బోయి సమాధానము చెప్పుకొనవలసి వచ్చినది. అచ్చట 1566 ప్రాంతమున యుకతాను వృత్తాంతమును వ్రాసెను. మాయాజనుల యాచారములు, పండుగలు, కాలగణనము, పంటలు, గృహములు, నన్నిటినిఁ గూర్చి యింత వివరముగాఁ జెప్పిన గ్రంథము మఱియొకటి లేదు. కొట్టమును దగులఁబెట్టినవాఁడే పిడికెఁడు విత్తనములను దాఁచినట్లైనది. ఆ పిడికిలినిఁ జూపి యతని దోషమును మాపఁజూచువారు కలరు. అది న్యాయము కాదు. కాలినవి యతని గ్రంథమునకు మూలములు. మూలములుండినచో నా గ్రంథముతో నింత యవసరమే యుండెడిది కాదు.

ఆ వృత్తాంతపు సంక్షిప్తప్రతిని మాడ్రిడ్డునందలి చరిత్రపరిషత్తున 1862లో బ్రాసూర్ దె బూర్బూర్ అను ఫ్రెంచి మతాచార్యుఁడు కనుఁగొని 1864లోఁ బ్రకటించెను. అందు లాందా మాయాక్షరమాల యని యొకదానిని జేర్చెను. పండితులు దానితో గ్రంథములను జదువఁబోయి భంగపడిరి. 1880లో వాలెంతీనీ అను విద్వాంసుఁ డా యక్షరమాల స్పెయినువారి కల్పన యని కొట్టివేసెను. నిజమున కది కల్పన గాదు. అడిగినవాఁ డొకటి యడిగెను, చెప్పినవాఁడు మఱియొకటి చెప్పెను.

లాందా తన భాషలోని యక్షరముల పేళ్లను బలికి, వీనికి మీ గుఱుతులు వ్రాయుఁ డనెను. అతఁడు 'బే' అనఁగా, లేఖకుఁడు తన చెవినిఁ బడిన 'బే' అను సస్వరధ్వనికిఁ గల గుఱుతును వ్రాసెను. మాయాభాషలో 'బే' యనఁగా బాట; ఆ గుఱుతు బాటపైఁ బడిన యడుగుజాడ. సక్బే యందలి 'బే' యిదియే. లాందా దానిని స్వరహీనమైన బకార మనుకొనెను. క, కా, కి, కీ యని గుణింతమును వల్లించి పెరిగిన తెలుఁగుబాలుఁ డచ్చట నుండినచో నీ పొరపాటు వెంటనే పట్టుకొనియుండును. రోమను అక్షరములయందుఁ బెరిగినవారికి మూఁడువందల యేఁబదియేండ్లు పైగాఁ బట్టినది. వాక్యమొకటి వ్రాయుమనఁగా లేఖకుఁడు 'మ ఇన్ కతి' యని వ్రాసెను. 'నా కిష్టము లేదు' అని దాని యర్థము. విసిగి వ్రాసినాఁ డని కొంద ఱూహించిరి.

1952లో లెనిన్‌గ్రాడు నగరమునందలి యూరీ క్నోరొజొవ్ అను ముప్పదియేండ్ల పండితుఁ డీ చిక్కును విడఁదీసెను. మాడ్రిడ్డు గ్రంథమున సీమకోడిబొమ్మకుఁ బైని రెండు గుఱుతు లున్నవి. మొదటిది లాందా యిచ్చిన 'కు'. సీమకోడికి మాయాభాషలో 'కుచ్' అని పేరు. కావున రెండవది 'చు' కావలయును. కుక్కబొమ్మపై నాదిని అదే 'చు' యుండి, పిమ్మట లాందా లకారముగాఁ జూపిన గుఱుతున్నది. కుక్కకుఁ బ్రాఁత నిఘంటువున 'చుల్' అని పేరు గలదు. ఒకదాని కొకటి సాక్ష్యము చెప్పినది. హలంతపదమును వ్రాయుటకు లేఖకులు తుది యచ్చును జేర్చి, పలుకుటలో విడిచెడివారు. తెలుఁగువారు హలంతములైన యన్యదేశ్యములను 'రైలు', 'బస్సు' అని యుకారము చేర్చి పలుకుదురు. మాయాలేఖకు లా పనిని వ్రాఁతలో మాత్రము చేసిరి. ఇంగ్లండు పండితుఁడు ఎరిక్ తాంసన్ తుదివఱకు దీని నంగీకరింపలేదు. అతఁడు 1975లో మరణించెను. అంతకుముందే, 1960లో, తాతియానా ప్రొస్కురియాకొఫ్ శాసనములందలి తేదీలు రాజుల జననమరణములకును బట్టాభిషేకములకును సంబంధించిన వని నిరూపించెను. కేవల జ్యోతిషమని తలఁచినది చరిత్ర మయ్యెను. క్నోరొజొవ్ 1990 వఱకు మాయాదేశమును గన్నులఁ జూచి యెఱుఁగఁడు.

ఇంతలో మాయాజనులు వ్రాయుట మానిరని తలఁపరాదు. సన్న్యాసులు నేర్పిన రోమను అక్షరములతోనే తమ భాషలోఁ బురాణములను, భవిష్యత్తును, వైద్యమును వ్రాసి యూరూర దాఁచిరి. చిలాం బలాం గ్రంథము లనఁబడునవి యివి. మనికిఁ గూడ నట్టిది యొకటి కలదు.

మెరిదాకుఁ దూర్పున సుమారు 70 కిలోమీటర్లలో ఇసమాల్. ఇచ్చటి మఠము మాయాదేవాలయపీఠముపైఁ గట్టినది. దానిని గట్టించుటలో లాందాకు ముఖ్యభాగము. 1573లో నతఁడు బిషప్పుగా యుకతానునకు మరలివచ్చి, 1579లో మెరిదాలో మరణించెను. పట్టణమంతయుఁ బసుపువన్నె. మఠమునకు నుత్తరమున కినిచ్ కాక్ మో అను పెద్దపీఠ మిండ్లనడుమ నేఁటికిని నిలిచియున్నది.

చిచెన్ ఇత్సానుగూర్చి యెక్కువ వ్రాయ నక్కఱలేదు. చూడనివారును దానిబొమ్మను జూచియుందురు. నాలుగుప్రక్కల 91 చొప్పున మెట్లు, పై యరుఁగుతోఁ గూడ 365. అచ్చటి పుణ్యకూపమునఁ గన్యలను ద్రోసెడివారను కథ మాత్రము సవరింపవలసినది. కూపసమీపమున నొక గుంతలో 1967లో దొరకిన పిల్లల యెముకలలోఁ బరీక్షింపఁబడిన 64గురును బాలురే యని 2024లోఁ దేలినది. వారికిని నేఁడు సమీపమున నున్న మాయాగ్రామజనులకును రక్తసంబంధము గలదనియు నదే పరీక్ష తెలిపినది.

అచ్చటినుండి వయ్యదోలిద్ పట్టణము సుమారు 45 కిలోమీటర్లు. 1545లో సాకి యను మాయాగ్రామముపై వెలసిన దిది. పన్నులు పెరిగి, చెఱకుతోఁటలకై పొలములు పోయి, జనులు కాఁగుచుండఁగా 1847 జూలై 26వ తేదిని మాన్వెల్ ఆంతోనియో ఆయ్ అను మాయానాయకుని నిచ్చట మరణదండనకు గుఱిచేసిరి. నాలుగు దినములకుఁ దెపిచ్ గ్రామమున యుద్ధము రగిలెను. మఱుసటియేట మాయాసేనలు మెరిదాసమీపమునకుఁ బోయి హఠాత్తుగా మరలినవి. తొలకరి యుసిళ్లు లేచుటఁ జూచి, మొక్కజొన్న విత్తు వేళ మించునని సేద్యకాండ్రు పొలములకుఁ బోయిరని యొక కథ. తూర్పుటడవిలోని వారి రాజ్యము 1901 వఱకు నిలిచినది. మాయాభాష నేఁడు మెక్సికోలో 7 లక్షలకుఁ బైగా జనుల మాతృభాష.

వయ్యదోలిదునుండి కొబామీఁదుగా సుమారు 100 కిలోమీటర్లు పోయిన బాట తులూమువద్ద సముద్రమును జేరును. మూఁడువైపుల గోడ, నాలవవైపు కొండచఱియ, దానిక్రింద నలలు. 1511లో నీ తీరమున నోడ పగిలి యొడ్డునకుఁ గొట్టుకొనివచ్చినవారిలో అగిలారు 1519లోఁ గొర్తేసుతోఁ బోయెను. గెర్రెరో మాయావనితను వివాహమాడి, సంతానవంతుఁడై, రాననెను. తుదకు స్పెయినువారితోఁ బోరుచు మరణించెను. 1518లో గ్రిహాల్వాతో నోడలో వచ్చిన మతాచార్యుఁడు తీరమునఁ దాఁ జూచిన పట్టణమును సెవీల్యాతోఁ బోల్చెను. అది తులూమే యని పెక్కండ్రు తలఁతురు. 1842లో స్టీఫెన్సు వచ్చునప్పటికిఁ జెట్లు మొలచియుండెను. ఆతఁ డచ్చటఁ బగిలిపడియున్న శాసనశిల నొకదానిం జూచెను. దానిపైఁ గల తేది క్రీస్తుశకము 564నకు సరియగును. తులూమునఁ గట్టడము లేవియు నంత ప్రాఁతవి కావు. శిల యన్యస్థలమునుండి యచ్చటికిఁ దేఁబడినది. ఇప్పు డది లండనునందలి బ్రిటిషు ప్రదర్శనశాలలో నున్నది.