మడి బట్ట, మైల మనిషి: పట్టుచీరలో మన చరిత్ర

(మన ఒంటి మీది చరిత్ర – 7వ భాగం)



పోయిన భాగంలో చెప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి పట్టుచీర. "చీరలో కూడా కులమేనా అన్నా?" అని ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. చివరిదాకా చదువు తమ్ముడూ, నువ్వే చెప్పు.

దసరాకి, క్రిస్మస్‌కి, సంక్రాంతికి ముందు మా నర్సీపట్నం అబీద్ సెంటర్లో ఒక గంట నిలబడితే చాలు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, కోటవురట్ల నుంచి, పైన చింతపల్లి మన్యం నుంచి జనం బస్సులు దిగుతుంటారు. కొట్ల అద్దాల వెనక టిష్యూ, ఆర్గంజా, ఉప్పాడ, ధర్మవరం అన్నీ మెరుస్తుంటాయి. డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ ఈ "ఎవరైనా" అనే మాట వయసెంత?

మనుస్మృతి పదో అధ్యాయం 52వ శ్లోకం చండాలుడికి చచ్చినవాళ్ళ బట్టలే బట్టలని తేల్చేసింది. "అదెప్పటి మాటలే" అనేవాళ్ళకి దగ్గరి లెక్కలు చెప్తాను.

తిరువాంకూరులో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడారు. 1859 జూలై 26న రాజు ప్రకటన ఇచ్చాడు. అందులోనూ మెలిక ఉంది. రవిక తొడుక్కోవచ్చు, ముతక బట్ట కప్పుకోవచ్చు, కానీ పై కులాల ఆడవాళ్ళలా మాత్రం కప్పుకోకూడదు. గుడ్డ ఇచ్చారు, గౌరవం ఇవ్వలేదు.

1928లో ఇందోర్ జిల్లా ఊళ్ళలో బలాయీలకు పెద్దకులాలు పెట్టిన ఆంక్షల్ని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో రాశారు. జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు, ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టుకోకూడదు. ఇక 1930 డిసెంబరులో తమిళనాడు రామనాథపురం ప్రాంతంలో ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. మగవాళ్ళ బట్ట మోకాలు దాటకూడదు, చొక్కా తొడగకూడదు, ఆడవాళ్ళు పూలు పెట్టుకోకూడదు. చూశారా, జరీ అంచు ఎంత సన్నగా ఉంటుంది! ఆ సన్నటి మెరుపుకే పెద్దకులాలు ఉలిక్కిపడ్డాయి.

అందుకే 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం సెక్షన్ 4 చదవండి. బావి, హోటలు, దారితో పాటు నగలు, ఆడంబరమైన దుస్తులు వాడుకోవడాన్ని అడ్డుకోవడం కూడా అందులో నేరమే. పార్లమెంటు ఆ మాట ఊరికే రాయలేదు. ఈ దేశంలో మనం మంచి బట్ట కట్టుకోవడానికి కూడా ఒక చట్టం కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మడి సంగతి. నూలు బట్ట ముట్టుకుంటే మైల పడుతుంది, పట్టు పడదు అంటారు. పూజకి, పెళ్ళి పీటలకి పట్టే కావాలంటారు. సరే, పట్టు ఎక్కడిది? మల్బరీ ఆకు తిని పురుగు తన చుట్టూ గూడు అల్లుకుంటుంది. అది రెక్కలొచ్చి బయటికొస్తే దారం తెగిపోతుంది. అందుకని లోపల ప్రాణం ఉండగానే వేడితో చంపి, గూటిని మరిగే నీళ్ళలో వేసి దారం లాగుతారు. ఒక్క చీరకి వేల గూళ్ళు కావాలి. చచ్చిపోయిన గొడ్డు తోలు ఒలిచి, ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగ అంటరానివాడు. బతికున్న పురుగును చంపి తీసిన దారం మాత్రం మడి! మరి మైల చావులో ఉందా, చేతుల్లో ఉందా? చేతుల్లోనే. ఇంకా చెప్పాలంటే, ఆ చేతులు ఎవరివి అన్న దాంట్లో ఉంది.

మనకి నేత రాదా అంటే, వచ్చు. ముతక నూలు బట్ట నేసిన మాలల గురించి బ్రిటిష్ కాలపు రాతల్లోనే ఉంది. మన షెడ్యూల్డు కులాల జాబితాలో మాల సాలె, నేతకాని పేర్లు ఈనాటికీ ఉన్నాయి. ఊరికి గుడ్డ నేసినోళ్ళం మనం కూడా. కానీ "నేత కళ" అని పుస్తకాలు వేసేటప్పుడు మన మగ్గం ఎక్కడా కనపడదు.

పట్టు పరిశ్రమలోకి మన పిల్లలు ఎలా వచ్చారో కూడా చూడాలి. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒక నివేదిక ఇచ్చింది. కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్‌లలో అప్పు కింద తాకట్టు పడి పట్టు పనిలో మగ్గిన పిల్లల గురించి అది చెప్పింది. వాళ్ళలో దళితుల పిల్లలు ఎందరో. మరిగే నీళ్ళలో వేళ్ళు పెట్టి గూళ్ళు తీసిన పిల్లలు వాళ్ళు. మడి బట్టకి ఆ వేళ్ళ మైల అంటలేదు మరి!

1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆ రోజుల్లోనే బాబాసాహెబ్ మన ఆడవాళ్ళతో బట్టల గురించి మాట్లాడారు. కులం గుర్తుపట్టేలా చీర కట్టొద్దు, పై కులాల వాళ్ళు కట్టినట్టే కట్టండి, బరువైన ఆ కడియాలు, గొలుసులు తీసెయ్యండి, చిరిగినదైనా శుభ్రంగా కట్టండి అన్నారు. ఆయన సూటు వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. మనల్ని చూడగానే "వీడు ఫలానా" అనిపించే గుర్తుల్ని మనమే తెంపాలి.

మా ఇంట్లోకి మెరుపు సూరత్ పాలిస్టర్ రూపంలో వచ్చింది. మా అమ్మ కూలి డబ్బుల్లో కూడబెట్టి క్రిస్మస్‌కి ఆర్ట్ సిల్క్ చీర కొనుక్కునేది. చర్చిలో పెట్రోమాక్స్ దీపం కింద ఆ చీరలన్నీ జిగేలుమనేవి. అప్పుడు మొదలైంది కొత్త వెక్కిరింత. "ఆ రంగులేటి, ఆ మెరుపేటి, పేటోళ్ళ చీర." మెరుపు మన చేతికి అందేసరికి వాళ్ళకి మెరుపు మోటైపోయింది. సింపుల్ చేనేత గొప్పదైపోయింది. ఆ చేనేత ధర మళ్ళీ మనకి అందదు. అభిరుచి అనేది కూడా కంచే మిత్రులారా.

రెండేళ్ళ క్రితం మా చెల్లి పెళ్ళికి ఒక కొట్టుకెళ్ళాం. ఏ పేట అని అడిగాడు. చెప్పగానే పట్టు అరలు వదిలేసి కింది అర లాగి, "మీకు ఇయ్యి బాగుంటాయమ్మా" అన్నాడు. మా చెల్లి తొణకలేదు. "ధర్మవరం చూపించండి, సిల్క్ మార్క్ ఉన్నది" అంది. ఆ ఒక్క మాటకి అతను లేచి నిలబడ్డాడు.

ఆ మాట మన ఆడపిల్లలందరికీ రావాలి. సిల్క్ మార్క్ లేబుల్ కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో వచ్చింది, అడిగి మరీ చూడండి. కొంగు చివర రెండు పోగులు లాగి కాల్చండి. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. జరీ వెండిదా, రాగిదా, ప్లాస్టిక్కా అని అడగండి, ధరలో తేడా అక్కడే ఉంటుంది. ఏప్రిల్ ఎండలో అంబేద్కర్ జయంతి ఊరేగింపుకైతే ధర్మవరం బరువు, ఉప్పాడ జాందానీ తేలిక. డబ్బు లేదా? మంచి నూలు చీర ఇస్త్రీ చేసి కట్టండి. పట్టు కోసం వడ్డీకి మాత్రం తేవొద్దు. ఒక సంకెల తెంపి ఇంకోటి వేసుకోవద్దు.

కట్టుకునేటప్పుడు మాత్రం భయపడకండి. జరీ అంచు ఎండలో మెరవనివ్వండి. ఆ మెరుపు కోసం దెబ్బలు తిన్నవాళ్ళు మన ముందు తరాలవాళ్ళు.

వచ్చే భాగంలో గొడుగు గురించి. రామనాథపురం నిషేధాల్లో అదీ ఉంది.

జై భీమ్!