పవర్ యాంప్లిఫయర్ వక్రీకరణ: నివారణ చరిత్ర

వైర్‌లెస్ ప్రసారంలో సంకేతం యాంటెన్నాకు చేరేముందు దానికి బలమిచ్చే చివరి అంచె పవర్ యాంప్లిఫయర్. సత్తా అంచుకు చేరేకొద్దీ దాని లెక్క తప్పుతుంది. చిన్న అలలను పదింతలు చేసేది, పెద్ద అలల దగ్గర ఏడెనిమిదింతలతో సరిపెడుతుంది. శిఖరాలు నలుగుతాయి, నలిగిన సంకేతం పక్క ఛానళ్లలోకి ఒలుకుతుంది.

విరుగుడు మొదట పుట్టింది టెలిఫోను తీగల కోసం. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ 1923లో ఫీడ్‌ఫార్వర్డ్ పద్ధతి (తప్పును విడదీసి చివర్లో తీసేయడం) కనిపెట్టాడు. 1927 ఆగస్టు 2న హడ్సన్ నది పడవలో పనికి వెళ్తూ, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌లోంచి తీసేయడం) సూత్రం గీశాడు. దాని పేటెంటు చేతికొచ్చేసరికి 1937 అయింది.

అయితే అన్ని సంకేతాలూ ఒకేలా చెడవు. రాయలసీమ శ్రోతకు ఈ తేడా చెవికే తెలుసు. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో మాటంతా అల ఎత్తులోనే ఉంటుంది. ఎత్తు నలిగితే మాట నలిగినట్టే. కర్నూలు ఎఫ్.ఎం.లో ఎత్తు మారదు, పౌనఃపున్యం మారుతుంది, కాబట్టి యాంప్లిఫయర్‌ను అంచుదాకా తోలినా పాట చెడదు. 2జీ ఫోన్లదీ ఇదే అదృష్టం.

3జీలోనే తగ్గిన ఆ సుఖం 4జీతో పూర్తిగా పోయింది. సమాచారాన్ని పంచుకు మోసే వందల ఉపవాహకాలు (చిన్న చిన్న అలలు) ఒక్కసారిగా కలిసినప్పుడు శిఖరం సగటు శక్తికి పదింతల దాకా లేస్తుంది. దానికి చోటివ్వాలంటే యాంప్లిఫయర్‌ను బాగా తగ్గించి నడపాలి. అప్పుడు తాగిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. మే నెల కర్నూలులో, కరెంటు పోతే డీజిల్ మీద నడిచే టవర్‌కు ఇది చిన్న ఖర్చు కాదు. 1936లో రేడియో ట్రాన్స్‌మిటర్ల కోసం విలియం డోహెర్టీ చేసిన పొదుపు యాంప్లిఫయర్‌ను మొబైల్ టవర్లు మళ్లీ తవ్వి తెచ్చుకున్నది అందుకే.

పొదుపు యాంప్లిఫయర్ చేసే తప్పును దిద్దేది డిజిటల్ ప్రీడిస్టార్షన్: రాబోయే తప్పుకు సరిగ్గా ఎదురు తప్పును ముందే కలిపి పంపడం. పరిశోధకులు సలే, సాల్జ్ 1983లో తనను తాను సవరించుకునే రూపం ప్రతిపాదించారు. తర్వాత తెలిసిందేమంటే, యాంప్లిఫయర్‌కు జ్ఞాపకం కూడా ఉంది. ఇప్పటి తప్పు కిందటి క్షణపు సంకేతాన్ని బట్టీ మారుతుంది. 2001 నుంచి మెమరీ పాలినామియల్స్ అనే గణిత నమూనాలు దీన్ని లెక్కలోకి తీసుకున్నాయి. ఎండకూ వయసుకూ గుణం మారుతుంది కనుక అవుట్‌పుట్‌ను ఎప్పటికప్పుడు చూసుకుంటూ సవరిస్తారు.

ఫోను మాటే వేరు. దాని బ్యాటరీ ఇంత దిద్దుబాటు మోయలేదు, ఊళ్లు దూరదూరంగా ఉన్న మెట్ట సీమలో ముందు తెగేది ఫోను నుంచి టవర్‌కు వెళ్లే సంకేతమే. భారత్ పట్టుబట్టగా, టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరముండే గ్రామీణ పరీక్షను అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ 5జీకి చేర్చింది. కంది ప్రాంగణంలోని ఐఐటీ హైదరాబాద్ పై-బై-2 బీపీఎస్‌కే పద్ధతిని, తగిన వడపోతతో కలిపి, ముందుకు తెచ్చింది. ఇందులో శిఖరాలు దాదాపు లేవవు, ఫోను యాంప్లిఫయర్ తన పూర్తి సత్తాతో నడవొచ్చు. బదులుగా వేగం తగ్గుతుంది: ఒక్కో గుర్తు మోసేది ఒక్క బిట్టే. ఆ పద్ధతిని కలుపుకున్న భారతీయ ప్రమాణం 5జీఐ 2021లో ఐటీయూ జాబితాకెక్కి, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ 17వ విడుదలలో ప్రపంచ 5జీతో కలిసిపోయింది.