టర్బో వచ్చాక మారిన పిస్టన్ లెక్క

ముప్కాల్ మీదుగా సాగే పాత 7వ నంబరు, నేటి 44వ నంబరు జాతీయ రహదారిపై లారీలు మారిన కొద్దీ ఇంజిన్ విప్పి బిగించే పనీ మారింది. 1954లో టెల్కో (నేటి టాటా మోటార్స్), జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ ఒప్పందంతో వచ్చిన తొలి లారీలకు టర్బో లేదు. సిలిండర్ అరిగితే రీబోర్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేసి, కొత్త హెడ్ ప్యాకింగ్ (గ్యాస్కెట్) పెడితే పని చాలావరకు ముగిసేది.

1993లో లారీ ఇంజిన్లు చేసే టాటా కమ్మిన్స్ ఏర్పడింది. 2000 తర్వాత కాలుష్య నిబంధనలు బిగిసేసరికి టర్బో మామూలైంది. అది గాలిని కుక్కి పంపుతుంది కనుక సిలిండర్‌లో ఒత్తిడి, వేడి పెరుగుతాయి. అందుకే చాలా టర్బో పిస్టన్లకు పై రింగు గాడిలో నికెల్ కలిసిన పోత ఇనుప వలయం, అడుగు నుంచి నూనె చిమ్మి చల్లార్చే ఏర్పాటు ఉంటాయి. కొలతలు కలిశాయని మామూలు పిస్టన్ వేస్తే దాని తల పగలవచ్చు, కరగవచ్చు కూడా. ఇక్కడ పొదుపు పనికిరాదు.

అసలు ఓపిక కావలసింది గ్యాస్కెట్ దగ్గర. పిస్టన్‌ను పై చివరికి తెచ్చి, బ్లాకు మట్టం నుంచి అది ఎంత పొడుచుకొచ్చిందో డయల్ గేజితో ప్రతి సిలిండర్‌కూ చూస్తారు. అన్నింటిలోకీ పెద్ద అంకెను బట్టి గ్యాస్కెట్ మందం ఎంచుతారు. చాలా గ్యాస్కెట్ల అంచున ఉండే గాట్లు, చిల్లులు ఆ మందానికే గుర్తు. పలచనిది పెడితే పిస్టన్ హెడ్‌కో వాల్వులకో తగులుతుంది. మందమైతే కంప్రెషన్ తగ్గి, చలికాలం పొద్దున్నే బండి మొరాయిస్తుంది. బోరు పెంచినప్పుడు గ్యాస్కెట్ కన్ను దానికంటే పెద్దదిగా ఉండాలి. లేకుంటే లోపలికి వచ్చిన అంచు మాడిపోతుంది.