ప్రవాసాంధ్రులకు అండయైన సంఘములు

ఉద్యోగధర్మమున స్వస్థలమును వీడిన కుటుంబమునకు జీతము దొరకును, వసతి దొరకును. బిడ్డకు తల్లిభాషలో అక్షరములు దిద్దించు బడి దొరకుట అరుదు. ఈ లోటును తీర్ప బూనినవి చిన్న చిన్న స్వచ్ఛంద సంఘములే.

స్వాతంత్ర్యోద్యమమున చెరసాల కేగివచ్చిన పిదప శ్రీమతి దుర్గాబాయి కాశీ హిందూ విశ్వవిద్యాలయము వారి మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చి చదువు కొనసాగించిరి. తనకు తెరచుకొన్న ఆ ద్వారమునే ఆమె ఇతరులకును చూపిరి. 1937లో మద్రాసున ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభ తెలుగు బాలికలను ఆ పరీక్షకే సిద్ధపరచినది.

రాజ్యాంగసభ సభ్యురాలై ఢిల్లీ చేరిన పిమ్మట 1948లో ఆమె ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించిరి. రాజధానిలోని తెలుగు పిల్లల చదువునకు అది ఆధారమైనది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా ఆమెయే ప్రథమాధ్యక్షురాలైరి. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు లిచ్చి వానిచేత సేవ చేయించుట ఆ మండలి మార్గమై యుండెను. ఇరుగుపొరుగుల అక్కర నెరిగిన సంఘమునకు సర్కారు చేయూత నిచ్చు పద్ధతి యిది.

ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. గ్రాంటు తరువాత వచ్చినది. పూనిక ముందు పుట్టినది. దస్త్రములు చక్కబెట్టు మన చేతులు సాయంకాలమున నొక గడియ సంఘమునకు మీదుకట్టినచో, పరాయి ఊరు మన బిడ్డలకు పరాయిది కాబోదు.