నిప్పురవ్వకు ముహూర్తము

విశాఖ మన్యపు కొండదారులలో జీపుబండి చప్పుడు చిరకాలము పరిచితమైన చప్పుడు. ఆ చప్పుడు మారినప్పుడు మేస్త్రీ చెవి యొగ్గి విని, 'టైమింగు తప్పినది' అనును. ఈ టైమింగు అనగా నేమి, దానిని నిర్ణయించు అధికారము ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారుచు వచ్చినది అను విషయమును నేడు మీకు విన్నవింపదలచితిని. ఆ మార్పునకు నడుమ జీపు నిలిచి యున్నది. దానివలన నేనొక పాఠము కూడ నేర్చుకొంటిని.

పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును సిలిండరులో పిస్టను పైకి పోవుచు నొక్కును. అంతట ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ పుట్టును. ఆ మిశ్రమము తుపాకిమందువలె ఒక్క పెట్టున ప్రేలునని చాలమంది తలంతురు. అది సరికాదు. మంట ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు ప్రాకవలెను. అందుకు సెకండులో వేయింట కొన్ని వంతుల కాలము పట్టును. అది స్వల్పమని తోచవచ్చును. కాని యంత్రము నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచుండగా, సెకండులో వేయవ వంతు గడచునంతలో క్రాంకు 12 డిగ్రీలు తిరిగిపోవును. కనుక పిస్టను శిఖరమును చేరకముందే రవ్వ పుట్టవలెను. వేగము హెచ్చినకొలది మఱింత ముందుగా పుట్టవలెను. ఉయ్యాల నూపువానిని చూడుడు. బల్ల మరలిపోవు క్షణమున త్రోసినచో ఉయ్యాల ఎగయును. ఎదురు వచ్చుచుండగా త్రోసినచో త్రోసినవాని చేతికే దెబ్బ. ఆలసించినచో బలము వృథా.

తొలినాటి యంత్రములకు ఈ చింత లేదు. ఫ్రాన్సునందు లెన్వార్ 1860 లో నిర్మించిన గ్యాసు యంత్రమున విద్యుత్తు రవ్వయే వాడబడెను గాని, మిశ్రమమును ముందుగా నొక్కు పద్ధతి అందు లేదు. జర్మనీలో డైమ్లరు తన త్వరిత యంత్రమునకు ఎఱ్ఱగా కాలిన గొట్టమును నిప్పుగా అమర్చెను. మిశ్రమము గొట్టములోనికి ఎప్పుడు చొరబడునో అప్పుడే అంటుకొనును. దానికి ముందు వెనుకలు నిర్ణయించు సాధనమే లేదు. 1886 లో పేటెంటు పొందిన బెంజి బండి బ్యాటరీని, తీగచుట్టను ఆశ్రయించెను. 1895 నాటి డి డియోన్-బూటన్ చిన్న యంత్రము నిమిషమునకు 1500 చుట్లు తిరుగసాగెను. అంతటితో రవ్వ పుట్టు వేళ పెద్ద ప్రశ్నయై కూర్చుండెను.

దానికి దొరికిన మొదటి సమాధానము మానవుని చేయి. 1908 మొదలు 1927 వరకు వెలువడిన ఫోర్డు మోడల్ టి బండ్లలో చక్రము క్రింద ఎడమ ప్రక్క స్పార్కు మీట, కుడి ప్రక్క పెట్రోలు మీట యుండెడివి. బండిని హ్యాండిలుతో త్రిప్పునప్పుడు స్పార్కు మీటను వెనుకకు పెట్టవలెను. వేగము వచ్చినపిమ్మట ముందుకు జరుపవలెను. మఱచి త్రిప్పినచో పిస్టను శిఖరమునకు చేరకముందే మంట పుట్టి, దానిని క్రిందికి తన్నును. హ్యాండిలు వెనుకకు తిరిగి మణికట్టును విఱుచును. ఇట్లు చేతులు విఱిగినవారు అనేకులు. పాతకాలపు డ్రైవరు నైపుణ్యమును తలంచి నిట్టూర్చువారు ఈ విఱిగిన చేతులను కూడ లెక్కలో వేసికొనవలెనని నా మనవి.

అమెరికాలో కెట్టరింగు రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషను 1910 నాటి కాడిలాక్ బండ్లలోను, విద్యుత్తుతో యంత్రమును కదల్చు స్టార్టరు 1912 నాటి బండ్లలోను వచ్చెను. హ్యాండిలు భయము తగ్గెను. మీట పని క్రమముగా డిస్ట్రిబ్యూటరులోని రెండు చిన్న తూకపు గుండ్లకు సంక్రమించెను. వేగము హెచ్చినప్పుడు గుండ్లు స్ప్రింగులను లాగుచు వెలుపలికి విరియును. ఆ కదలికయే రవ్వను ముందుకు జరుపును. జేమ్సు వాట్టు తన ఆవిరియంత్రమునకు అమర్చిన గుండ్ల సూత్రమే యిది.

1941 నుండి రణరంగమునకు వేలకొలదిగా వెలువడిన విల్లీస్ జీపునకు ఈ అమరికయే కలదు. నాలుగు సిలిండరులు, 134 ఘనపుటంగుళములు, 60 అశ్వశక్తులు. నిలకడ వేగమున రవ్వ శిఖరమునకు 5 డిగ్రీలు ముందుగా పుట్టవలెనని నియమము. ఆ చోటును తెలుపు గుర్తు ఫ్లైవీలు మీద చెక్కబడి యున్నది. ఆపై పెంపు గుండ్ల పని. అయితే గుండ్లకు వేగము తెలియును గాని బరువు తెలియదు. మైదానమున పరుగెత్తుటకును, అదే వేగమున కొండ నెక్కుటకును వాటికి భేదము లేదు. ఆ కొఱతను తీర్చుటకు వ్యాక్యూము పొర గల డిస్ట్రిబ్యూటరులు అప్పటికే కొన్ని బండ్లలో నుండెను; జీపునకు మాత్రము పెట్టలేదు.

ఈ సంగతి తెలియకయే నేనొకప్పుడు నా పాత జీపునకు శృంగవరపుకోటలో చెవితో టైమింగు సరిచేసితిని. డిస్ట్రిబ్యూటరు మరను వదులు చేసి, రోటరు తిరుగు దిశకు ఎదురుగా త్రిప్పితిని. త్రిప్పినకొలది యంత్రము చుఱుకుగా, నునుపుగా పలికెను. నా విద్యకు నేనే మురిసితిని. నిలిచియున్న యంత్రము చెప్పు మాట పొగడ్తవంటిది. రవ్వ మితిమీరి ముందుకు పోయినను అది హాయిగనే తిరుగును. త్యాడ దాటి అనంతగిరి ఘాటు నెక్కుచుండగా లోపలినుండి గులకరాళ్లు రాలినట్లు టిక్కుటిక్కుమని ధ్వని మొదలయ్యెను. మా యన్నగారు "ఆపరా" అనిరి. నేను ఆపలేదు. రెండు మలుపుల తరువాత నీరు మరగి పొంగెను. హెడ్డు గ్యాస్కెట్టు పోయెను. చీకటిలో ఇద్దరము క్రిందికి నడచితిమి. ఆయన దారి పొడవునను ఒక్కమాటయు పలుకలేదు.

నేటి బండ్లలో ఈ తీర్పు మనుష్యునికి గాని గుండ్లకు గాని లేదు. 1979 లో బాష్ సంస్థవారి మోట్రానిక్ పెట్రోలును, రవ్వను ఒకే కంప్యూటరుకు అప్పగించెను. నాక్ సెన్సరు సిలిండరు గోడనంటి యుండి, ఆ గులకరాళ్ల ధ్వని పుట్టినంతనే రవ్వను వెనుకకు జరుపును. నేను వినియు లెక్కచేయని ధ్వనిని అది విని లెక్కచేయును.

గ్యాస్కెట్టు మార్చినపిమ్మట ఈసారి చెవిని నమ్మలేదు. ముందుగా పాయింట్ల యెడమును అంగుళములో వేయింట 20 వంతులకు సరిచేసితిని. ఒకటవ సిలిండరు పిస్టను నొక్కుడు దశలో పైకి వచ్చుచుండగా, ఫ్లైవీలు కిటికీలోని గుర్తు సూచిక కెదురైనంతనే నిలిపితిని. పాయింట్లకు చిన్న దీపమును తగిలించి, అవి విడివడి దీపము వెలిగిన క్షణమున మర బిగించితిని. మరల అదే ఘాటునకు పోయితిమి. అన్నగారు వెంట వచ్చుటకు కొంత బ్రతిమాలవలసి వచ్చెను. రెండవ గేరులో నిటారు మలుపున ధ్వని ఒక్కమారు లీలగా వినవచ్చెను. ఆయన నా వంక చూచిరి. దిగి, డిస్ట్రిబ్యూటరును వెండ్రుకవాసి వెనుకకు త్రిప్పి, దాని మెడమీద మేకుతో గీత గీచితిని. ఆ గీత నేటికిని అక్కడనే యున్నది.